రెండు సెకన్ల ఎదురుచూపు

కోత మాస్టారి ఉద్యోగానికే కోత పడి అప్పటికి మూడు నెలలు. అయినా ఆ సంగతి ఆయన చేతులకి ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దున్నే కాఫీ పెట్టడం అయ్యాక, తమంతట తామే భోజనాల బల్ల మీది గుడ్డని అంచు దాకా నిమురుతూ ఉండేవి. కొలతలు పోయాక మనిషికి మిగిలేవి కలతలే కదా.

ముప్పై రెండేళ్లు ఆయన దుస్తుల ఫ్యాక్టరీలో బట్ట కత్తిరించారు. కిందటేడు యజమానులు ఆయన బల్లకి సరిగ్గా పైన కెమెరా బిగించి, "మాస్టారూ, మీ చేతుల్లాంటివి మళ్లీ దొరకవు, దాచుకుంటాం" అన్నారు. ఆయన మురిసిపోయి, గోళ్లు తీసుకుని మరీ వెళ్లారు. కుట్టు తెలిసినంతగా కుట్ర తెలియని మనిషి. చేతుల్ని దాచుకున్నాక మనిషితో పనేముంది? ఆయనతో పాటు నలభై మంది గేటు బయటికొచ్చారు. వాళ్ల చోట నలభై కోత యంత్రాలు లోపలికెళ్లాయి. కోత కింది అంతస్తంతా తిరిగింది గానీ యజమానులుండే పై అంతస్తుకి మెట్లెక్కలేకపోయింది. అక్కడ కొత్త సోఫాలు వేశారు.

ఇప్పుడు ఇల్లు గడిచేది కూతురి మీద. చిన్నప్పటి గుండ్రటి మొహం చూసి ఆయన పెట్టుకున్న ముద్దుపేరు బొత్తాం. ఊడిపోకుండా ఇంటిని పట్టి ఉంచుతోంది కాబట్టి పేరు వృథా పోలేదు. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ పని చేసేది. ఏం పనే అని అడిగితే, వీడియోలు చూసి గీతలు పెట్టడమని చెప్పి మాట మార్చేసేది.

ఆ ఉదయం ఆమె స్నానానికి వెళ్లింది. ఆమె బల్ల మీద కాఫీ పెడదామని వెళ్లిన మాస్టారు గ్లాసు పట్టుకునే ఉండిపోయారు. తెరమీద తలా మొండెం లేని రెండు చేతులు కదులుతున్నాయి. ఎడమ చూపుడువేలికి కొస లేదు. తన వేలికీ లేదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే కత్తెర తినేసింది. ఆ చేతులు బట్ట నిమిరి, కత్తెర తెరిచి, కాసింత ఆగాయి. ఆగినచోట ఎర్రగీత. దాని కింద రెండు మాటలు: తప్పు, ఆలస్యం. బతికుండగానే తన దయ్యం తనకే కనపడ్డట్టు ఆయన వీపు చల్లబడింది.

తల తుడుచుకుంటూ వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవి ఎవరి చేతులమ్మా?"

ఆమె తల దించుకుంది.

"నిన్ను ఎత్తుకు తిప్పిన చేతులే బొత్తాం. వీటికి తప్పులు పెట్టి జీతం తెచ్చుకుంటున్నావా? ఆ అన్నమే నాకు పెడుతున్నావా?"

"నేను కాకపోతే ఈ వీడియోలు ఇంకెవరికో వెళ్లేవి నాన్నా. ఎవరో నీ చేతుల్ని ముక్కలు ముక్కలు చేసేవాళ్లు. నేనైతే కనీసం..."

తువ్వాలు భుజాన వేసుకుంది. తర్వాత కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చింది. ఆ చేతుల్ని మొదటి రోజే గుర్తుపట్టిందట. ప్రతి కోతకి ముందు నాన్న ఆగే ఆ రెండు సెకన్లూ ముద్దొచ్చి, తప్పని తెలిసీ ఒప్పని గుర్తు పెడుతూ వచ్చిందట. ఆ గుర్తుల్ని బట్టే యంత్రాలు బుద్ధిగా నేర్చుకున్నాయి. ఇప్పుడా ఫ్యాక్టరీలో నలభై యంత్రాలూ బట్ట నిమిరి, కత్తి ఎత్తి, ఎవరో ఏదో చెప్పాలన్నట్టు ఆగుతున్నాయట. పై అంతస్తువాళ్లు ఆ ఆగడాన్ని నిజంగానే ఆగడంగా చూశారు. మధ్యాహ్నంలోగా అన్నిటికీ ఎర్రగీత పెట్టకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. పెట్టేస్తే యంత్రాల చదువు పూర్తవుతుంది. ఇంకో నెలకి పంతులమ్మ ఉద్యోగమూ పూర్తవుతుంది.

"పొద్దున ఒక్కటి పెట్టాను. రెండోదానికి చెయ్యి రాలేదు. అసలు నువ్వెందుకు ఆగేవాడివి నాన్నా?"

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. కోపం ఎటు పోయిందో పోయింది.

"ఫ్యాక్టరీలో నాకు సాయంగా మీ అమ్మ బల్లకి అవతల నిలబడి బట్ట కొస పట్టుకునేది. మడత లేకుండా లాగి 'ఊ' అనేది. అప్పుడు కోసేవాణ్ణి. పోయి నాలుగేళ్లయింది. అయినా ఆ మాట కోసం ఆగకుండా కత్తెర పడేది కాదే నాకు."

ఇద్దరూ తెరవైపు చూశారు. మనుషుల్లేని ఆ కింది అంతస్తులో, తమకేమీ కాని ఒక ఆడమనిషి కోసం, ఆమె లేదని చెప్పే దిక్కు కూడా లేక, నలభై యంత్రాలు రోజుకి కొన్ని వేలసార్లు ఎదురుచూస్తున్నాయి.

"గీతలు పెట్టెయ్యి" అన్నారాయన చివరికి.

"నాన్నా, అది అమ్మ..."

"అందుకే పెట్టమంటున్నా. కోత నేర్పమన్నారు, నేర్పాను. మీ అమ్మ కోసం ఆగమని వాటికి నేను చెప్పలేదు. ఆ పని నాది. అది ఎవడికీ ఇవ్వను."

కూతురు కూర్చుని ఒక్కొక్కటే గీత పెట్టింది. ఆయన పక్కనే కూర్చుని, సాగనంపుతున్నట్టు ఒక్కొక్కదాన్నీ చూశారు. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్లేదు.

అప్పుడు మాస్టారు లేచి బీరువా తెరిచారు. కిటికీ తెరలకని భార్య కొని, కుట్టించే తీరిక దొరక్కుండానే పోయిన బట్ట అడుగున ఉంది. దాన్ని తెచ్చి భోజనాల బల్ల మీద పరిచారు. ఎవరూ పిలవకుండానే బొత్తాం అవతలికి వెళ్లి కొస పట్టుకుంది. ఆయన నిమిరారు. కత్తెర తెరిచి, ఆగారు.

రెండు సెకన్లు గడిచాయి. మూడోదీ గడిచింది.

కూతురి కళ్లలో నీళ్లు బట్ట మీద పడ్డాయి. ఆమె మడత లేకుండా లాగి, తల పైకెత్తకుండానే, "ఊ" అంది.

కత్తెర కదిలింది.