పెసరపప్పు పాయసం, ఎనిమిది యూనిట్లు

తల్లి సంవత్సరీకం నాటి మధ్యాహ్నం లియెన్ ఇంట్లో అగరొత్తుల పొగా కొబ్బరిపాల వాసనా కలిసిపోయాయి. పటం ముందు పళ్లెంలో అన్నం, చేప పులుసు, నిండు గిన్నెడు పెసరపప్పు పాయసం. అందులో అరకిలో తాటిబెల్లం వేసింది. చక్కెర జబ్బని బతికున్నన్నాళ్లూ తల్లికి చెంచాడైనా పెట్టలేదన్న బాధ లియెన్‌ను ఏడాదిగా తినేస్తోంది.

అలవాటు కొద్దీ పళ్లేన్ని ఫోటో తీసింది. ఆ ఫోన్ తల్లిది. అందులోని కృత్రిమ మేధ మూడేళ్లు ఆ మనిషి తిండినీ నిద్రనీ చదువుకుని, పూటపూటకూ ఎంత ఇన్సులిన్ వేసుకోవాలో చెప్పేది. తిన్నాక "రుచి ఎలా ఉంది?" అని అడిగేది. తల్లి మూడేళ్లూ ఏడుపు మొహం బొమ్మే నొక్కింది. అదే జబ్బు లియెన్‌కీ వచ్చాక, కొత్త ఖాతా తెరవమని నర్సు మొత్తుకుంది. ఒకే రక్తం, ఒకే వంటిల్లు, మళ్లీ మొదట్నుంచీ ఎందుకని లియెన్ తన చేతికి అతికించుకున్న, రక్తంలో చక్కెర కొలిచే బిళ్లను అందులోనే కలిపేసింది. తల్లి చేతి బిళ్లను మాత్రం ఎవరూ తీయలేదు. దానితోనే ఆమెను పెరట్లో కొబ్బరిచెట్ల కింద పూడ్చారు.

అగరొత్తులు పూర్తిగా కాలేదాకా పళ్లేన్ని ఎవరూ ముట్టకూడదు. లియెన్ ఆకలితో కూర్చుంది.

ఫోన్ మోగింది. చక్కెర 240. ఎనిమిది యూనిట్లు వేసుకోండి.

లియెన్ ఇన్సులిన్ పెన్ను తిప్పి పొట్టకు ఆనించింది.

"పొద్దున్నించి ఏం తిన్నావే?" వంటింట్లోంచి పెద్దమ్మ అడిగింది.

"ఏం లేదు పెద్దమ్మా."

"మరి గాలి పీల్చి పెరిగిందా చక్కెర?"

చెయ్యి ఆగింది. వేలు పొడిచి రక్తం చుక్క చూసుకుంది. 66. ఆ ఎనిమిదీ పడుంటే ప్రాణం పోయేది. చేతి బిళ్ల పీకి, రెండు ముక్కలు చేసి పారేసింది.

ఫోన్ మళ్లీ మోగింది. 271.

ఒత్తులు సగం కాలాయి. పెరట్లో ఆకు కదలడం లేదు. లియెన్‌కి చెమటలు పట్టాయి.

"పెద్దమ్మా... కళ్లు తిరుగుతున్నాయి."

"ఒత్తుల సంగతి తర్వాత. మీ అమ్మేం అనుకోదులే. పాయసం తాగు ముందు."

గబగబా నాలుగు చెంచాలు మింగింది. ఐదో చెంచా దగ్గర ఆగిపోయింది. తీపి లేదు. ఉడికిన పప్పు... చల్లటి నీళ్లు... అంతే.

పెద్దమ్మ రుచి చూసి మొహం చిట్లించింది. "బెల్లం మర్చిపోయావటే?"

"అరకిలో వేశాను."

పెద్దమ్మ డబ్బాలోంచి బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టింది. లియెన్ కొరికింది. మట్టిలా చప్పగా ఉంది. ఇంకో ముక్క. అదీ అంతే.

పావుగంట ఆగి పెద్దమ్మ మళ్లీ వేలు పొడిచింది. 49.

ఫోన్‌లో 338.

"పడవ పిలుస్తాను, కాలవ దాటి ఆసుపత్రికి పోదాం." పెద్దమ్మ లేచింది. "ఈలోగా ఏదైనా తిను తల్లీ."

"ఏం తినను పెద్దమ్మా... ఇంట్లో తీపంతా..."

మాట పూర్తి కాలేదు. లియెన్ గోడకు చేరగిలబడింది. చేతిలోని ఫోన్ జారి చాప మీద వెల్లకిలా పడింది.

రుచి ఎలా ఉంది?

ఎవరూ ముట్టని ఆ తెర మీద నవ్వు మొహం వెలిగింది.