తడిగుడ్డ మీద దిగినది

గాలి లేకుండా గుడ్డ లేస్తుందా, పిల్లలూ? లేవదంటారు. సరే, దగ్గరికి జరగండి. రత్నా, ఆ కిటికీ తెరిచే ఉంచు. చెవి ఇటు పడేయండి. ఎన్నిసార్లు చెప్పినా నా మాట ఎవరూ వినరు కదా.

అరవైల్లో సంగతి. దివిసీమలో నేను బడి టీచర్ని. ఆ ఏడు కృష్ణ గట్టు తెగి ఊరంతా నీళ్లు. అందరం బడి డాబా ఎక్కాం. కుళ్లిన వరి వాసన, కప్పల అరుపులు. అందులో, పురిటికి పుట్టింటికొచ్చిన వీరలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. బందరు ఆసుపత్రికి చేరితేనే ఇద్దరూ దక్కుతారు. ఉరవడికి పడవ నిలవడంలేదు.

ముందురోజు మిలిటరీవాళ్లు మా దగ్గర దింపిపోయిన వైర్‌లెస్ మనిషి దానియేలు, బందరువాడే, కబురు పంపాడు.

"కొత్తరకం హెలికాప్టర్ వస్తోందండీ. పాతవాటికి పొలమంత చోటు కావాలి. దీనికి డాబా చాలు. ఇంజను బలం రెండింతలు!"

"అయితే కిందికి కొట్టే గాలీ రెండింతలేగా, బాబూ? నెత్తిమీది పంకా గాలిని కిందికి తోస్తేనే కదా అది పైకి లేచేది?"

"మీరు లెక్కల టీచరా అండీ?" అని నవ్వాడు.

దిగే చోటుకి గుర్తుగా డాబా మీద తెల్లగుడ్డ పరవమన్నాడు. వీరలక్ష్మి మొగుడు భావనారాయణ పెడన నేతగాడు. మూటలోంచి కొత్త గుడ్డ తీసి, వాననీళ్లలో తడిపి పరిచాడు.

"నాలుగు మూలలా ఇటుకలు పెట్టు నాయనా. హెలికాప్టర్ తోకలో చిన్న పంకా ఉంటుందట. అందులో గుడ్డ చిక్కిందంటే బొంగరంలా తిరుగుద్ది."

"ఇటుక పెడితే ఎర్రమరక పడుద్ది టీచరుగారూ. మా కాలవగట్టున తడిగుడ్డే పరుస్తాం. ఎంత గాలికీ లేవదు. మా పని మాకు తెలీదా అండీ?"

విన్నాడా? దానియేలైనా చెప్పాడా? "టైము లేదండీ" అన్నాడు.

మునిమాపువేళ హెలికాప్టర్ వచ్చింది. కింద నీళ్లు గుండ్రంగా నొక్కుకుపోయాయి. గుడ్డ అంచు లేచింది. గుడ్డంతా లేచింది. తోకకు చుట్టుకుంది. హెలికాప్టర్ బొంగరంలా తిరుగుతూ వెళ్లి ఏటిలో మునిగిపోయింది. కప్పలు కూడా అరుపు ఆపేశాయి.

చీకటి పడింది. వీరలక్ష్మి మూలుగు ఆగింది.

"వచ్చింది... వినపడట్లా?" అని గొణిగింది.

దడ... దడ... దడ...

ఆకాశంలో ఏమీ లేదు. కానీ నీళ్లు గుండ్రంగా నొక్కుకున్నాయి. పెట్రోలు వాసన... నెత్తిమీద గాలి బరువు... లాంతరు ఆరిపోయింది.

"లక్ష్మీ, నా చెయ్యి వదలకే..."

లాంతరు వెలిగించాం. భావనారాయణ చేతిలో ఒక గాజుంది. ఆమె లేదు. ఆమె పడుకున్నచోట ఆ తెల్లగుడ్డ పరిచి ఉంది. పొడిగా. మడత లేకుండా.

నాలుగు మూలలా ఇటుకలు. ఇటుకలు మాత్రం తడిగా ఉన్నాయి.

నీళ్లు తీశాక బందరు ఆసుపత్రిలో అడిగాం. అలాంటి మనిషి రాలేదన్నారు.

అందుకే చెప్తాను, తడిగుడ్డని నమ్మొద్దని. ఇందాక డాబా మీద వడియాలకి తడిగుడ్డ పరుస్తుంటే కథ చెప్పమని లాక్కొచ్చారు. రెండు మూలలకే ఇటుకలు పెట్టాను.

ఉండండి... పైన ఇటుక జరిపిందెవర్రా? ఇంట్లోవాళ్లమంతా ఇక్కడే ఉన్నాంగా. కిటికీ బయట ఒక్క ఆకు కదలడంలేదు, చూశారుగా.

మీరెవరూ రావద్దు. ఈసారైనా నా మాట వినండి. మిగతా రెండు మూలలకీ పెట్టొస్తాను.