రక్తపిశాచి కోటలో హెల్మెట్

"ఆ కాలంలో ప్రెస్ బటన్లు లేవని రాసింది మీరేనా?"

తలెత్తి చూశాను. నా బల్ల ముందు ఒకమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో నేను దిద్దిన ప్రూఫ్ కాగితాలు, రెండో చంకలో తలా చేతులూ లేని దర్జీ బొమ్మ. ఆ బొమ్మకి ముదురు ఎరుపు గౌను తొడిగి ఉంది. బయట వాన దంచికొడుతున్నట్టుంది, ఆమె ఇంకా తీయని హెల్మెట్ మీంచి నీళ్లు నా కాగితాల మీద కారుతున్నాయి.

"నేనేనండీ. మీరు?"

"ఆ నవల రాసిందాన్ని."

గబుక్కున లేచి నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, కలం పేరు చూసి ఆ నవలలు రాసేది ఎవరో రిటైరైన చరిత్ర మాస్టారనుకున్నాను. కొండ మీద కోట, ఆ కోటలో నూట తొంభై ఏళ్ల రక్తపిశాచి ప్రభువు, అతనికి వైద్యం చెయ్యడానికి వెళ్లి మనసు పారేసుకున్న వైద్యుడి కూతురు. అంతా మూడు వందల ఏళ్ల కిందటి కథ. ఇలాంటి పుస్తకాలని బస్సుల్లో వేరే అట్ట వేసుకుని మరీ చదువుతారు. అక్షర దోషాలతో పాటు ఆ కాలానికి నప్పనివి కూడా ఏరడం నా పని. అందుకే మా ప్రచురణ ఆఫీసులో నన్ను భూతద్దం అంటారు.

ఆమె హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, కాగితం పైకెత్తి గట్టిగా చదివింది.

"'ప్రెస్ బటన్లు లేవు, తాళ్లే ఉండాలి. పదహారు జతల తాళ్లు మెరుపుకీ ఉరుముకీ మధ్య విప్పడం రక్తపిశాచికైనా అసాధ్యం.' ఇది మీ దస్తూరీయే కదా?"

"అవునండీ."

"మా అమ్మ దర్జీ. రాత్రీ పగలూ కూర్చుని ఈ గౌను కుట్టింది. పదహారు జతల తాళ్లు. విప్పండి."

"నేనా?"

"అసాధ్యమన్నది మీరే కదా! ఎంతసేపు పడుతుందో చూద్దాం." ఆమె ఫోన్ తీసి టైము చూసుకుంది.

ఆఫీసు ఆఫీసంతా పనులు మానేసి చుట్టూ చేరింది. కంపోజింగ్ చేసే అక్కయితే కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చేసింది. చచ్చినట్టు మొదటి ముడి పట్టుకున్నాను. ముడి విడకపోగా ఇంకా బిగిసింది.

"తొందరపడకండి," ఆమె నా భుజం పక్కన నిలబడి మెల్లిగా అంది. "అతనికి నూట తొంభై ఏళ్లు. ఆత్రపడే వయసు కాదు."

నా చెవులు కాలిపోయాయి. ఒక్కో తాడు రంధ్రాల్లోంచి జారుతుంటే అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అక్క మాత్రం మంచినీళ్ల సీసా తెరిచింది.

పదకొండు నిమిషాలు పట్టింది.

"మీరే గెలిచారు," అంది ఆమె. కానీ ఓడినట్టు లేదు. అప్పటికే నా ప్రూఫ్ కాగితం వెనకాల ఏదో చకచకా రాసుకుంటోంది. వారం తర్వాత ఆ సన్నివేశం తిరిగొచ్చింది. అరపేజీ ఉన్నది నాలుగు పేజీలైంది. అందులో ప్రభువు పదకొండు నిమిషాలూ ఒక్క తొందర పని చెయ్యలేదు. అది దిద్దడానికి నాకు ఒక పూట పట్టింది. అందులో తప్పులు మాత్రం రెండే.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పెన్సిల్‌తో రాస్తే సందేహం, అది రచయితల కోసం. ఎర్ర పెన్నుతో రాస్తే ఖాయం, అది అక్క కోసం. పెన్సిల్ రాతల వైపు అక్క కన్నెత్తి కూడా చూడదు. ఎర్రగా కనబడితే మాత్రం ముందూ వెనకా ఆలోచించకుండా పుస్తకంలోకి ఎక్కించేస్తుంది. ఆలోచించడం తన పని కాదంటుంది.

ఆ తర్వాత నాలుగు నెలలూ ఆమెకీ నాకూ మధ్య నడిచినదంతా పెన్సిల్‌తోనే.

"రక్తపిశాచికి అద్దంలో ప్రతిబింబం కనబడదని ఒకటో అధ్యాయంలో రాశారు. మరి ఎనభై నాలుగో పేజీలో అద్దం ముందు నిలబడి మీసం ఎలా దువ్వాడు?" అని రాస్తే, "అలవాటు కొద్దీ" అని కింద జవాబొచ్చేది.

"ఇతని చేతులు చల్లగా ఉన్నాయని ఏడుసార్లు రాశారు. పాపం, ఆ అమ్మాయికి చలి వెయ్యదా?" అని అడిగాను ఇంకోసారి.

"మీ మెడ మీద ఎవరూ ఎప్పుడూ చల్లటి చెయ్యి వెయ్యలేదన్నమాట" అని జవాబు.

ఆ రోజు నేను దిద్దిన కాగితాలన్నీ మళ్లీ ఇంకొకరు దిద్దాల్సొచ్చింది.

కాగితాలు ఇవ్వడానికి వారానికోసారి ఆమే స్కూటర్ మీద వచ్చేది. అయిదు నిమిషాల పనికి గంటసేపు కూర్చునేది. ఈ పుస్తకం మీద మూడేళ్లు కూర్చున్నానని, వెనకటి రెండూ అంతంతమాత్రంగా పోయాయని, ఇదైనా జనానికి నచ్చకపోతే ఇక రాయనని ఒకసారి నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె రాసిన ఆ ప్రభువుని చూస్తే నాకు అసూయ పుట్టేది. ఉన్నవాడూ కాదు, పోయినవాడూ కాదు, వాడి మీద అసూయేంటని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి.

చివరి అధ్యాయం వచ్చింది. అందులో ప్రభువు తన ప్రేమ చెబుతాడు. చెప్పీ చెప్పీ రెండు పేజీలు. నా నెత్తురు, నీ నెత్తురు, చంద్రుడు, సమాధి, ఒకటా రెండా! "ఇలా ఎవరూ మాట్లాడరు" అని పక్కన రాశాను. మరి ఎలా మాట్లాడతారని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఆ ప్రసంగం మీద అడ్డంగా గీత గీసి మార్జిన్లో ఇలా రాశాను.

"నువ్వు హెల్మెట్ తీసేటప్పుడు కళ్లు మూసుకుంటావు. తీశాక కూడా రెండు క్షణాలు అలాగే ఉంటావు. నిన్ను నేను ధైర్యంగా చూసేది ఆ రెండు క్షణాలే. నాకు వందల ఏళ్ల ఆయుష్షు లేదు. ఉన్నన్నాళ్లు రోజూ ఆ రెండు క్షణాలు కావాలి."

రాశాక భయమేసి వెంటనే చెరిపేద్దామనుకున్నాను. అంతలో మా పబ్లిషర్ మేడమ్ పిలిచారు. తిరిగొచ్చేసరికి టైము లేదని ఆ కాగితాలు నేరుగా అక్క దగ్గరికి వెళ్లిపోయాయి. పోనీలే, పెన్సిల్ రాత కదా, అక్క చూడదు, తర్వాత మెల్లిగా తెచ్చుకుని చెరిపేద్దామని ఊరుకున్నాను. వేరే పుస్తకం పనిలో పడి తొమ్మిది రోజులు ఆ సంగతే మర్చిపోయాను.

పదో రోజు పుస్తకం అచ్చయిందని కబురొచ్చింది. మిగతావి మర్నాడు ఆఫీసుకి వస్తాయట, మొదటి పది కాపీలు మాత్రం ప్రెస్సు నుంచి నేరుగా రచయిత్రి గారింటికి వెళ్లిపోయాయట. అప్పుడు గుర్తొచ్చి అక్క దగ్గర పాత ప్రూఫులు అడిగి తీసుకున్నాను.

రెండు వందల పన్నెండో పేజీ తీసి చూద్దును కదా, మార్జిన్లో నా రాత ఎర్రగా నిగనిగలాడుతోంది. రాసే ధ్యాసలో చేతిలో ఉన్నది ఎర్ర పెన్నని చూసుకోనేలేదు.

"అక్కా! ఇది... ఇది ఎక్కించావా?"

"ఎర్రగా ఉంటే ఎక్కించక ఏం చేస్తాను?" అక్క కీబోర్డు మీంచి తలెత్తలేదు. "కోటలో హెల్మెట్ ఏంటా అని నాకూ డౌటొచ్చింది. యుద్ధంలో పెట్టుకునేదేమోలే అనుకున్నా."

"ఆఖరి ప్రూఫ్ ఆవిడకి పంపారుగా? ఆవిడేమీ అనలేదా?"

"అన్ని పేజీల మీదా సంతకాలు పెట్టి పంపారు."

ఆఖరి ప్రూఫ్ వేళకి రచయితలకి సొంత పుస్తకం మొహం మొత్తి ఉంటుంది. చూడకుండానే సంతకాలు గిలికేస్తారు. ఏడేళ్లుగా చూస్తున్నదే. మూడు వందల ఏళ్ల కిందటి కోటలో రక్తపిశాచి హెల్మెట్ గురించి మాట్లాడతాడు. చదివిన వాళ్లంతా పడీ పడీ నవ్వుతారు. ఆమె మూడేళ్ల కష్టం నవ్వులపాలు. ఆమె ఇక రాయదు. నా మొహం కూడా చూడదు. ప్రెస్ బటన్లకి అంత రాద్ధాంతం చేసిన పెద్దమనిషిని, నేను చేసిన నిర్వాకమిది!

కనీసం ఆమె పుస్తకం తెరిచేలోగా నా నోటితో నేను చెప్పాలి. గొడుగు తీసుకోవాలని కూడా తోచలేదు. వానలోనే పరిగెత్తాను.

వాళ్లమ్మ గారి దర్జీ షాపు రెండు వీధుల అవతల. మేడ మీద ఇల్లు, కింద షాపు. తడిసి ముద్దై లోపలికి అడుగుపెట్టేసరికి ఆవిడ కుట్టుమిషను మీద మోచేతులు ఆనించి కొత్త పుస్తకం చదువుతున్నారు. అప్పటికే సగం అయిపోయింది.

"కొలతలైతే సాయంత్రం రా బాబూ," అన్నారు తల తిప్పకుండా.

"కొలతలు కాదండీ. నేను ప్రూఫ్‌రీడర్ని."

ఆవిడ కళ్లజోడు కిందికి దించి నన్ను పైనించి కిందిదాకా చూశారు. "ఓహో! పదకొండు నిమిషాల అబ్బాయివా?"

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్పాల్సింది చెప్పాలి.

"దయచేసి ఆ పుస్తకం మూసెయ్యండి. చివర్లో ఘోరమైన తప్పుంది. అది మీ అమ్మాయిది కాదు, నాది. రెండు వందల పన్నెండో పేజీలో ప్రభువు మాట్లాడేవి అతని మాటలు కావు. నేను రాసుకున్నవి. పెన్సిలనుకుని ఎర్ర పెన్నుతో రాశాను. మా మేడమ్‌తో కూడా నేనే చెప్తాను, కావాలంటే ఉద్యోగం మానేస్తాను. మీ అమ్మాయికి మాత్రం ఈ తప్పు అంటకూడదు."

"ఏం మాటలు రాసుకున్నావేంటి?" ఆవిడ పేజీలో వేలు పెట్టుకుని ఆసక్తిగా అడిగారు.

నేను నోరు తెరిచేలోగా ట్రయల్ రూము పరదా కదిలింది. ఆమె బయటికొచ్చింది. మెళ్లో కొలత టేపు, చేతిలో గుండుసూదుల డబ్బా. మొహంలో కోపముందో లేదో తెలియలేదు.

"అమ్మా, ఆ పుస్తకం ఒకసారి ఇటివ్వు." తీసుకుని పేజీ తిప్పి నా చేతిలో పెట్టింది. "చదవండి."

తడి చేతులతో పట్టుకుని పైకి చదివాను.

"ప్రభువు చాలాసేపు ఏమీ అనలేదు. అతనికి నాలుగు భాషలు వచ్చు. ఒక్కటీ అక్కరకి రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, తెల్లవారుతోందని తెలిసి కూడా, కదలకుండా నిలబడ్డాడు."

అంతే. రెండు పేజీల ప్రసంగమూ లేదు, నా రాతా లేదు. హెల్మెట్ ఊసే లేదు. ఇంకోసారి చదివాను, వెనక పేజీ కూడా చూశాను. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. హమ్మయ్య! ఆమె పుస్తకం బతికింది. ఇంతకన్నా నాకేం కావాలనిపించింది.

"లోకంలో మీరొక్కరే చదువుతారనుకున్నారా?" అంది ఆమె. "నా పుస్తకం నేను ఆఖరి కామా దాకా చదువుతాను. నేను దిద్దింది మీ అక్కే ఎక్కించింది."

"అక్క నాతో ఒక్క ముక్క చెప్పలేదే!"

"చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను."

"అంటే మీకు తొమ్మిది రోజుల నుంచీ తెలుసా?"

"తెలుసు."

"తిట్టడానికైనా ఫోన్ చెయ్యొచ్చు కదండీ!"

ఆమె గుండుసూదుల డబ్బా మూత తీసింది, మళ్లీ పెట్టింది. ఆమె మాట తడబడటం చూడటం ఇన్నాళ్లలో అదే మొదటిసారి.

"ఏమని చెయ్యను? మీరు రక్తపిశాచికి డైలాగు రాసిచ్చారో, నాకు రాశారో తెలియలేదు. హెల్మెట్ ఉంది కాబట్టి నాకే అనుకున్నాను. తర్వాత, హెల్మెట్ పెట్టుకునే అమ్మాయిలు ఊరినిండా ఉన్నారు కదా అనిపించింది. రోజూ ఫోన్ తీసి చూడటం, పక్కన పెట్టడం. మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. తొమ్మిది రోజులు నాకు అన్నం సయించలేదు తెలుసా?"

"అది నిజమే బాబూ," అన్నారు వాళ్లమ్మ. "ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టింది."

"అమ్మా!"

"మరి రెండు పేజీలూ ఎందుకు తీసేశారు?" అన్నాను.

"మీరు రాసింది చదివాక, నేను రాసిందంతా కల్లబొల్లి అనిపించింది. మీ మాటలు వాడికివ్వడానికి మనసొప్పలేదు. అందుకని వాడి చేత నోరు మూయించాను." ఆమె నేరుగా నా కళ్లలోకి చూసింది. "ఇప్పుడు చెప్పండి. అది ఎవరికి రాశారు?"

బయట వాన ఇంకా పడుతూనే ఉంది. ఏడేళ్లుగా ఊరందరి వాక్యాలూ దిద్దినవాణ్ణి, నా సొంత వాక్యం ఒక్కటి కూర్చుకోలేక తంటాలు పడ్డాను. స్టూలు మీంచి లేచి నిలబడ్డాను.

"మీకే. పెన్ను పొరపాటే, ఒప్పుకుంటాను. చూసుకుని ఉంటే పెన్సిల్‌తోనే రాసి, చెరిపేసి, జన్మలో బయటపడేవాణ్ణి కాదు. అంత పిరికివాణ్ణి. కానీ మాట పొరపాటు కాదు. మీరంటే నాకు చాలా ఇష్టం. మీరొచ్చే రోజు కోసం వారమంతా కాచుకుని కూర్చుంటాను."

ఆమె మెళ్లో టేపు తీసి మిషను మీద పెట్టి, దగ్గరికొచ్చి, తడిసిన నా చొక్కా కాలరు రెండు చేతులతోనూ సరిచేసింది. సరిచేశాక కూడా చేతులు తియ్యలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదవుల మీద మాత్రం నవ్వుంది.

"ఇందులో దిద్దడానికేం లేదు," అంది.

తొమ్మిది రోజులుగా ఆమె, నాలుగు నెలలుగా నేను బిగబట్టిన ఊపిరి ఇద్దరం ఒకేసారి వదిలాం. వాళ్లమ్మ గారు కళ్లజోడు పైకి తోసుకుని పుస్తకం తిరిగి తీసుకున్నారు.

"ఆఖరి పేజీ ముందే వినిపించి కథంతా పాడు చేశారు కదర్రా," అన్నారు. "పోనీలే, ఇద్దరూ మేడ మీదికెళ్లి మాట్లాడుకోండి. ఆ అబ్బాయికి తువ్వాలివ్వవే ముందు, జలుబు చేస్తుంది."