ఐసు ఫ్యాక్టరీ మలుపులో చెయ్యెత్తిన మనిషి

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది చూశారూ, ఆ మలుపులో చీకటి పడ్డాక బండి ఆపకూడదు. ఒక మనిషి రోడ్డు మధ్య నిలబడి రెండు చేతులూ ఎత్తి ఊపుతాడట... ఆపినవాడు ఇల్లు చేరడట! ఇల్లే చేరనివాడు ఈ సంగతి ఎవరికి చెప్పాడని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు లెండి, నాకూ భయమే.

ఇది మా మరిది, అంటే మా చెల్లెలి మొగుడు చెప్పింది. ఫొటో స్టూడియో అతనిది. లైట్ల పెట్టెలకి కారు డిక్కీలో చోటు చాలడం లేదని స్టెప్నీ టైరు తీసి ఇంట్లో మంచం కింద పడేశాడు. “అవసరమొస్తే ఎలాగయ్యా?” అంటే, “కొత్త టైర్లు వదినా, ఏం కాదు” అని కొట్టిపారేశాడు.

ఒకరాత్రి మా చెల్లికి నెల ముందే నొప్పులొచ్చాయి. వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి బయల్దేరాడు. సరిగ్గా ఆ మలుపులోనే — ఢాం! బండి ఒక పక్కకి ఒరిగిపోయింది.

దిగి చూస్తే టైరు పీలికలై, చక్రం ఇనుము రోడ్డుకి ఆనింది. ఫోనులో సిగ్నల్ లేదు. ఆవిణ్ణి వదిలి నడిచి వెళ్ళేందుకూ లేదు.

“ఏమండీ... ఏదో ఒకటి చెయ్యండి...” అని లోపల్నుంచి మా చెల్లి మూలిగింది.

ఏం చేస్తాడు? దూరంగా లైట్లు కనబడితే రోడ్డు మధ్యకి పరిగెత్తి, రెండు చేతులూ ఎత్తి ఊపాడు. ఆ కారు నెమ్మదించింది... దగ్గరికొచ్చింది... అంతే, ఒక్కసారిగా పక్కనుంచి దూసుకుపోయింది. లోపలి మనిషి కళ్ళు తేలేసి ఉన్నాడట!

తర్వాత లారీ. ఆగలేదు. తర్వాత మోటారు సైకిలు... అల్లంత దూరం నుంచే వెనక్కి తిరిగిపోయింది.

అప్పుడు తెలిసొచ్చింది మా మరిదికి. ఆ మలుపులో చెయ్యెత్తి ఊపే మనిషి — ఇప్పుడు తనే!

“నేను మనిషినే బాబూ... మనిషినే!” అని అరిచాడు. ఆ గొంతు విని అతనికే భయమేసిందట. చేతులు దించితే ఎవరూ చూడరు, ఎత్తితే ఎవరూ ఆగరు. చివరికి రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. ఆ కష్టం పగవాడికి కూడా వద్దు.

ఆ కారులోనే, ఆ చీకట్లోనే పుట్టింది మా పిల్ల. కెవ్వుమంది. తెల్లారాక పాలవ్యాను అతను ఆపి ఎక్కించుకున్నాడు. తల్లీ పిల్లా బతికి బట్టకట్టారు, అదే పదివేలు.

కొన్నాళ్ళకి మా మరిది పిల్లని ఎత్తుకుని స్టూడియోలో కూర్చుంటే, ఫొటో దిగడానికి ఒకాయన వచ్చాడు. ఎవరనుకున్నారు? ఆ రాత్రి కారులో కళ్ళు తేలేసినాయనే! ఇతన్ని గుర్తుపట్టలేదు. పైగా గొంతు తగ్గించి...

“ఐసు ఫ్యాక్టరీ మలుపులో నా కళ్ళతో చూశానండీ. ఇప్పుడక్కడ పసిపిల్ల ఏడుపు కూడా వినిపిస్తోందట...” అన్నాడు.

మా మరిది పిల్లని గుండెకి అదుముకున్నాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి, మెల్లగా అడిగాడు.

“వదినా... నాకంటే ముందు అక్కడ చెయ్యెత్తినవాడు — వాడి కారులో ఎవరున్నారో?”