అమ్మమ్మగారి మోకాలు

"మీ అమ్మమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందాండీ?" అని నవ్వుతూ అడిగాను.

ఎదురుగా కూర్చున్న అమ్మాయి నవ్వలేదు. "మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయిందండీ," అంది.

అక్కడితో నా కొంప మునిగింది.

నేను ఫోటోగ్రఫీ స్కూల్లో కౌన్సెలర్‌ని. చేరాలా వద్దా అని ఊగిసలాడుతూ వచ్చేవాళ్లని మాటల్లో పెట్టి, కాస్త చనువు పెంచుకుని, చేర్పించడం నా ఉద్యోగం. వాళ్లు వెళ్లగానే విన్న కబుర్లన్నీ ఒక కార్డు మీద రాయాలి, మళ్లీ వస్తే అది చూసి పలకరించాలి. మా మేడమ్ పెట్టిన రూలు. ఎవరి కుక్కకి జ్వరం, ఎవరి అన్నయ్యకి పెళ్లి కుదిరింది, అన్నీ నా సొరుగులో ఉంటాయి.

ఈ అమ్మాయి పళ్ల డాక్టరు. వారం కిందట వానకి తలదాచుకుందామని మా మెట్లెక్కి, పనిలో పనిగా సాయంకాలం బ్యాచ్ గురించి అడిగింది. కోర్సు సంగతి ఐదు నిమిషాలు, మిగతా గంటంతా లోకాభిరామాయణం. వాన ఎప్పుడు ఆగిందో ఇద్దరం చూసుకోలేదు.

ఇవాళ మళ్లీ వచ్చింది. మేడమ్ ఆమె వెనకాల నిలబడి "కార్డు, కార్డు" అని ఒకటే సైగలు. కంగారులో చేతికందిన కార్డు తీసి చదివేశాను. అది ఇంకెవరిదో.

"ఓహో, చూసి అడుగుతారా?" ఆమె చూపు నా సొరుగు మీద పడింది. "మొన్న అంతసేపు మాట్లాడింది ఇందుకన్నమాట."

"అయ్యో, అది కాదండీ..."

"పర్లేదులెండి. నేనూ రోజూ పేషెంట్ల నోట్లో అద్దం పెట్టి, సెలవులకి ఎక్కడికెళ్లారని అడుగుతాను. జవాబు ఎవరిక్కావాలి?"

ఫారం నింపకుండానే వెళ్లిపోయింది. అడ్మిషన్ పోతే పోయింది, ఆమె దృష్టిలో నేను మాటల మాయగాణ్ణి అయిపోయానే అని రెండు రోజులు ముద్ద దిగలేదు.

మూడో రోజు నా పాత పిప్పిపన్ను పోటెత్తింది. ఇన్నేళ్లూ దాన్ని తిట్టుకున్నవాణ్ణి, ఆ రోజు మనసులోనే దండం పెట్టుకున్నాను.

తిన్నగా ఆమె క్లినిక్‌కే వెళ్లాను. కౌంటర్లో వాళ్ల పిన్ని కూర్చుని ఉంది. ఎక్కడ పనిచేస్తానో చెప్పగానే కళ్లజోడు పైకి తోసి చూసింది.

"మోకాలి అబ్బాయివా? వెళ్లు నాయనా, సూది సిద్ధంగా ఉంది."

సూది పడింది. దవడ మొద్దుబారింది. నోటి నిండా దూది కుక్కాక డాక్టరమ్మ తీరిగ్గా అడిగింది.

"ఇప్పుడు చెప్పండి. మొన్న ఎందుకలా నటించారు?"

"ఊఁ... ఆఁ..."

"జవాబు ఎవరిక్కావాలని చెప్పాగా!"

జేబులోంచి ఆమె కార్డు తీసి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. "నాదే. కానీ పేరు తప్ప ఏమీ లేదే?"

పెన్ను ఇమ్మని సైగ చేసి, పడుకునే రాశాను.

'రాసుకునే అవసరం రాలేదు. మీ పిల్లి కెమెరా చూస్తే బీరువా ఎక్కుతుంది. మీరు తీసిన మీ నాన్నగారి ఫోటోలన్నీ మసక, అందుకే ఈ కోర్సు. పళ్ల డాక్టరై ఉండి మీరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. మీరంటే ఇష్టం. అందుకే అన్నీ గుర్తున్నాయి.'

రెండుసార్లు చదివింది. చెయ్యి అలవాటుగా నోటి దాకా వెళ్లి, మళ్లీ దిగిపోయింది. పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

"ఏం రాశాడే?" అంటూ పిన్ని గుమ్మంలోకి వచ్చింది.

"కోర్సు గురించి పిన్నీ."

"కోర్సు గురించైతే నీ చెవులెందుకే ఎర్రబడ్డాయి?"

పన్ను పని అయ్యాక ఆ కార్డు నాకు తిరిగొచ్చింది. కింద కొత్తగా రెండు ముక్కలు: 'ఆదివారం ఐదింటికి ఇంటికి రండి, పిల్లిని చూపిస్తాను. కార్డు తేవద్దు.'

తిమ్మిరెక్కిన నోటితో వంకరగా నవ్వుకుంటూ బయటికి వస్తుంటే పిన్ని ఆపింది.

"ఇదిగో అబ్బాయ్, మోకాలి నొప్పి నాకుంది. ఆదివారం వచ్చినప్పుడు మర్చిపోకుండా అడుగు."