అచ్చు ఖాళీ చేయరు

పొద్దున్నే కండెలు చుట్టే పని ముగించి, బసమ్మ చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. గుంటమగ్గం పక్కన కూతురు సుకన్య ఒక కాగితం చేతబట్టి గోడకు కథ చెబుతోంది. ఆ రోజు ఆదోనిలో చిన్న సినిమాలు తీసేవాళ్లు కథలు వింటారట. మనిషికి మూడే నిమిషాలు. నచ్చిన ఒక్క కథను సినిమాగా తీస్తారు.

"ఇదే కడాసారి సుకన్యా," అన్నాడు కొడుకు ఈరేష్ అంగీ గుండీలు పెట్టుకుంటూ. "రెండేండ్లు సూసినా. ఈపొద్దు ఒప్పుకోకుంటే సోమారం నుంచి చీరలంగడిలో పనికి పోవాల. సేటుకు మాటిచ్చినా."

"నన్నడగకుండా ఇచ్చినావు గదా, నువ్వే పో. చీరలు మడతపెట్టేకి నీకూ చేతులుండాయి."

ఈరేష్ నవ్వు ఆపుకుంటూ బయటికి నడిచాడు. బసమ్మ చేయి చాపింది.

"ఇట్లియ్యి పాపా, నేనొకసారి చదువుతా."

బసమ్మ చదువు మూడేళ్ల నాటిది. భర్త శేషప్ప పోయిన మరుసటేడు, యాభై రెండేళ్ల వయసులో, సుకన్యే ఆమె చేత పలక మీద అక్షరాలు దిద్దించింది. ఇప్పటికీ వేలు ఆనించి, పెదవులు కదుపుతూ చదువుతుంది. కథ ఒక నేతగత్తెది. మొగుడు చనిపోతాడు. ఆమె మగ్గం ముందు కూర్చుని గుండెలు బాదుకుని ఏడుస్తుంది. దువ్వెన పళ్లలాంటి మగ్గం అచ్చులో మిగిలిన అతని పోగులన్నీ లాగి పారేసి, నిలువు పోగుల కొత్త పడుగు ఎక్కించుకుని కొత్త బతుకు మొదలుపెడుతుంది.

బసమ్మ పెన్సిలు తీసుకుని చివరి మాటల కింద గీత గీసింది.

"ఇది తప్పు పాపా. అచ్చు ఖాళీ చేయరు. రెండువేల పోగులు మళ్లా ఒక్కొక్కటే దూర్చాలంటే ఎన్ని దినాలు కావాల? పాత పడుగు కొనలు అచ్చులోనే ఉంచి, కొత్త పోగులు వాటికి అతుకుతారు. మగ్గం పక్కన పుట్టినదానివి, నీకు తెల్దా?"

"నాకు తెలుసు. సినిమా చూసేవాళ్లకు తెల్దు. పోగులు లాగి పారేస్తే చూసేకి బాగుంటాది."

"నేసేవాళ్లు సూడరా సినిమా? నవ్వుతారే! ఇంకోటి, ఆయమ్మ అంతసేపు ఏడ్చేది బాగలేదు."

సుకన్య కాగితం లాక్కుంది. "నిన్నగాక మొన్న అఆలు నేర్చుకుని నా కథకే వంకలు పెడతాండావా? అన్న ఒకపక్క, నువ్వొకపక్క!"

బసమ్మ పెన్సిలు కింద పెట్టింది. "అక్షరాలు మొన్న నేర్చినవే. మగ్గం నలభై ఏండ్లది పాపా."

సుకన్య కాగితం చాప మీద పడేసి స్నానానికి వెళ్లిపోయింది. బసమ్మ దాన్ని తిప్పి, వెనక పెన్సిలుతో రెండు వాక్యాలు రాసింది. అవి రాసేసరికి పొయ్యి మీద పాలు పొంగి కారిపోయాయి.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా బస్సులో తల్లీకూతుళ్లు ఒకే సీటులో కూర్చున్నా సుకన్య కిటికీ వైపే తిరిగి ఉంది. కాగితం మడత విప్పి చూసిందో లేదో బసమ్మకు తెలియదు.

హాలులో ముప్పై మంది ఉన్నారు. కథలు వినే వాజిద్ అనే పెద్దమనిషి ఒక కుర్రవాడితో, "దయ్యం బాగుంది తమ్ముడూ. దానికి ఏం కావాల్నో మాత్రం నువ్వు చెప్పలే," అన్నాడు. నిజమే కదా అనుకుంది వెనక వరసలో బసమ్మ.

తరువాత సుకన్య లేచింది. మొగుడు పోయేదాకా గడగడా చెప్పింది. "దినాలు అయినాక ఆయమ్మ మగ్గం ముందర కూర్చునింది. పోగు జారకుండా వేళ్లకు బూడిద పూసుకునింది..." అని ఆగింది. కాగితం వెనక్కి తిప్పింది. అక్కడున్నది ఉన్నట్టే చదివింది.

"నేను ఏడవలేదు. ఆయన పోగుకు నా పోగు అతికినాను."

తన మాట ముప్పైమంది చెవుల్లో పడటం బసమ్మకు అదే మొదలు. వీపు దానంతటదే నిటారైంది.

"ఈ కడా మాట ఎవరిదమ్మా?" అన్నాడు వాజిద్.

"మా అమ్మది. అదో, వెనక కూర్చునింది."

అన్ని కథలూ విన్నాక అతను సుకన్య పేరే చదివాడు. "మీ మగ్గం కాడనే తీస్తామమ్మా, రావచ్చునా?" అని బసమ్మను అడిగాడు.

"రాండి. చెప్పులు మాత్రం బయట ఇడిసి రావాల," అంది బసమ్మ. అందరూ నవ్వారు.

బయట మెట్ల మీద సుకన్య తల్లి భుజంలో ముఖం దాచుకుంది. "నాయన పోయినప్పుడు నువ్వు ఏడవనే లేదు. ఆయప్పంటే ప్రేమ లేదేమో అనుకున్యా. అందుకే కథలోనన్నా ఏడిపించినా."

"పిచ్చిదానా! నీ నాయన కడాసారి ఎక్కించిన పడుగు కొనలకే నాది అతికినా. అప్పటినుంచీ ఒకదాని కొనకు ఇంకోటి అతుకుతానే ఉండా. ఆ అచ్చు ఈపొద్దుకూ ఖాళీ కాలేదు." అని కళ్లు తుడుచుకుని, కూతురి ఫోను తీసుకుంది.

"ఈరేషా, సేటుకు చెప్పేయ్. చీరలు మడతపెట్టేకి వేరేవాళ్లను సూసుకోమను. మా పాపకు ఈడ పనుంది."