ఇరుసు మునిగిన చోట

"బండ్లు సాగవలె. ఇరుసు మునిగిన చోట ఎడమకు మళ్ళవలె. గుహలో పెట్టె ఉన్నది."

నల్లమల అంచున పాడుబడ్డ బండ్ల విడిదిలో, నాచు పట్టిన రాతి మీద ఈ మూడు ముక్కలు బయటపడ్డాక సుంకన్న సార్‌కు కంటి మీద కునుకు లేదు. బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. రాజుల నాటి ఆ పెట్టె కోసం ఇరవై ఏళ్ళుగా అడవిని జల్లెడ పట్టాడు. తెల్లారీ తెల్లారకముందే వెళ్ళి కాశింబీ గుమ్మం ముందు నిలబడ్డాడు.

కాశింబీకి ఆస్తి అంటూ ఉన్నది ఒక పాత డీజిల్ జీపు. దాంట్లో యాత్రికులను అడవి గుడులకు తిప్పి బతుకుతోంది. ఆ జీపు ఆగిన రోజు ఆమె ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

"వస్తాను గానీ సార్, జీపుకు ఏమన్నా అయితే నా గతేంది? ఇట్లే పోతే రాళ్ళల్లో ఇరుక్కుంటాది. ఏదో ఒకటి బిగించాల."

సార్ జేబులో ఉన్న డబ్బుకు ఆ ఏదో ఒకటి మాత్రమే వస్తుంది. నంద్యాల పాత సామాన్ల అంగడిలో కాశింబీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పెద్ద గళ్ళ టైర్లా? నీళ్ళు ముంచినా ఇంజనుకు పైనుంచి గాలి అందించే గొట్టమా? ముందు బంపరుకు బిగించి, ఇనుప తాడుతో ఎంత బరువునైనా లాగే వించా? టేపు పట్టుకుని జీపు కిందికి దూరి, ఇరుసు నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచింది. బయటికొచ్చి, నమ్మకం చాలక మళ్ళీ దూరింది.

"మ్మా, పొద్దు పోతాంది. మూడూ మొయ్యలేవు, ఒకటి తేల్చుకో" అన్నాడు అంగడాయన.

"వించే ఇయ్యన్నా."

అన్నదే గాని, అంగడి గడప దాటకముందే టైర్లు కొనుంటే బాగుండేదని ఆమె మనసు పీకడం మొదలుపెట్టింది.

జీపు కింద దూరి వించ్ బిగించడానికి వారం పట్టింది. ఆ మర్నాడు పొద్దున్నే ముగ్గురూ అడవిలో దిగారు. మూడో మనిషి ఈదయ్య. తేనె పట్లు కొట్టి బతికే చెంచు పెద్దాయన, ఆ కొండల్లో ఆయన కాలు పెట్టని చోటు లేదు. జీపు వెదురు పొదలను చీల్చుకుంటూ, గుండ్ల మీద ఎగిరెగిరి పడుతూ పోయింది. చక్రం జారిన ప్రతిసారీ కాశింబీ టైర్లనే తలుచుకుని తనను తానే తిట్టుకుంది. మొదటి వాగులో దిగగానే కిందికి వంగి చూసి కేక పెట్టింది.

"మునిగింది సార్! ఇరుసు మునిగింది!"

"ఎడమకు! ఎడమకు తిప్పు!" సార్ సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

ఎడమకు తిప్పితే దొరికింది ఇరుకు లోయ. కత్తుల్లాంటి రాళ్ళు ఒక టైరును కోసేశాయి. దాన్ని మార్చుకుని ముందుకు పోతే ఎదురుగా నిట్టనిలువు బండ. గుహా లేదు, పాడూ లేదు. వెనక్కి రావడానికి రెండు గంటలు పట్టింది. ఈలోగా పై కొండల మీద మబ్బు కమ్ముకుంది.

అప్పుడు ఈదయ్య నోట్లోని చుట్ట తీసి నవ్వాడు.

"సార్, ఆ రాయి చెక్కినోళ్ళు జీపులో వచ్చినారా ఏంది?"

సార్ తెల్లబోయాడు. కాశింబీకి మాత్రం చప్పున వెలిగింది. వారం రోజులుగా జీపు కింద దొర్లి దొర్లి, ఇరుసు అంటే జీపు ఇరుసే అయిపోయింది ఆమెకు! రాజుల నాటి ఎద్దుల బండ్లకు చక్రం మనిషెత్తు ఉంటుంది, ఇరుసు నడుమెత్తున ఉంటుంది.

"మామా! నడుముల్లోతు వాగు యాడుంది?"

"మూడోది. కానీ బిడ్డా, దాంట్లో నీ జీపు ముక్కు దాకా మునుగుతాది."

గట్టున నిలబడి చూస్తే వాగు అంత లోతూ ఉంది. గాలి గొట్టం కొననందుకు ఈసారి కాశింబీ లెంపలేసుకుంది. అయినా మెకానిక్కుల మధ్య పెరిగిన మనిషి ఊరుకుంటుందా? డ్రమ్ములు నింపే రబ్బరు పైపు కోసి ఇంజను గాలి నోటికి తొడిగి, రెండో కొసను అద్దం పైకి కట్టింది. ఫ్యాను నీళ్ళు చిమ్మకుండా బెల్టు విప్పేసింది. "అల్లా!" అంటూ దింపింది. నీళ్ళు బానెట్టు మీదికెక్కాయి. ఇంజను దగ్గింది గాని ఆగలేదు. వాగు మధ్యలో ఎడమకు తిప్పగానే, మద్దికొమ్మల వెనక నల్లగా నోరు తెరుచుకుని గుహ కనిపించింది.

కాశింబీ జీపును గుహలోకే పోనిచ్చింది. లోపల బండ నేల ఏటవాలుగా దిగి ఒక నీళ్ళ గుంతలో కలుస్తోంది. గుంత అంచున, బురదలో సగం కూరుకుపోయి, ఇనుప పట్టీల పెట్టె! సార్ దాని మీద పడి ఏడ్చేశాడు. విరిగిన మూత సందులోంచి వెండి తళుక్కుమంది. కాశింబీ గబగబా ఫ్యాను బెల్టు ఎక్కించి, వించ్ తాడును పెట్టెకు తగిలించి, మోటారు నొక్కింది. పెట్టె కదిలింది. ఒక బార, రెండు బారలు పైకి వచ్చింది.

అప్పుడు గుహ వెనక గోడలో ఏదో ఉరిమింది.

"నీళ్ళు! కొండ నీళ్ళొస్తాండాయి! ఉరకండి!" ఈదయ్య అరిచాడు.

గోడ చీలికలోంచి ఎర్రటి వరద దూకి పెట్టెను గుంతలోకి ఈడ్చింది. తాడు బిగుసుకుంది. మోటారు పొగ చిమ్మి ఆగిపోయింది. తడి బండ మీద నాలుగు చక్రాలూ కీచుమంటూ జీపు గుంత వైపు జారసాగింది. వెనక గేరు వేసి తొక్కినా ఆగలేదు.

"సార్! వించ్ పిడి లాగండి! తాడు వదిలేస్తాది!"

సార్ ముందుకెళ్ళి లాగాడు. "రావట్లేదమ్మా! బిగుసుకుపోయింది!"

తాడు మీద బరువున్నంతసేపూ పిడి రాదు. తాడు వదులు కావాలంటే జీపు గుంత వైపే పోవాలి. కాశింబీ జీపును ముందుకు పోయే గేరులో వేసింది.

"ముందుకా? పిచ్చి పట్టిందా బిడ్డా? వెనక్కి రా!" ఈదయ్య తల బాదుకున్నాడు.

జీపు ఒక బార కిందికి దూకింది. తాడు వదులైంది. పిడి మీద చెయ్యి పెట్టి సార్ కొయ్యబారిపోయాడు. అతని చూపు నీళ్ళలో తేలి మునుగుతున్న ఆ పట్టీల మీదే ఉంది.

"సార్! లాగండి సార్! నా జీపు!"

సార్ కళ్ళు మూసుకుని రెండు చేతులా లాగాడు. తాడు సర్రున ఊడి, పెట్టెతో సహా చీకట్లోకి పోయింది. ఈదయ్య అతన్ని జబ్బ పట్టి జీపులోకి లాగాడు. కాశింబీ వెనక్కి తొక్కింది. జీపు రొప్పుతూ గుహ దాటి, వాగుకు ఎగువన ఉన్న మెట్ట ఎక్కి ఆగింది. వాళ్ళు చూస్తుండగానే గుహ నోరు నీళ్ళలో మునిగిపోయింది.

కాశింబీ దిగి నాలుగు చక్రాలూ తడిమి చూసి, బానెట్టు మీద తల వాల్చి భోరున ఏడ్చింది.

"ఎందుకు లాగినారు సార్? ఇంకొక్క ఘడియ ఆగితే పెట్టె పైకి వచ్చేదేమో. ఇరవై ఏళ్ళు తిరిగినారు కదా!"

"నాది పిచ్చమ్మా. పిచ్చి పోతే మనిషి బతుకుతాడు. నీది బతుకుదెరువు." అన్నాడు సార్. పిడి కోసిన అతని అరచేతిలో నెత్తురు కారుతోంది.

కాశింబీ కొంగు చించి ఆ చేతికి కట్టు కట్టింది. వాగు తగ్గాక సార్‌ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ చెయ్యి అదరకుండా, గుంత గుంతకూ బ్రేకు తొక్కుతూ, ఊరి దాకా జీపును నెమ్మదిగా నడిపింది.